ఎడమవైపు గోల్

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసులు ఇంకా కడగనేలేదు, ఆ ఇంట్లో గొడవ మొదలైంది. గొడవ టీవీ గురించి.

"ఈ డబ్బాని ఇవాళ మార్చాల్సిందే. నేను బటన్ నొక్కి ఓ ఆవులింత తీశాక గానీ బొమ్మ కదలట్లేదు," అన్నాడు తండ్రి.

"ఓడిపోయినవాళ్ళంతా ఇదే మాటంటారు చాంపియన్ గారూ!" అంది కూతురు.

ఇంట్లో ఆయన పేరే చాంపియన్. రాత్రి భోజనాలయ్యాక ముగ్గురూ వీడియో గేమ్ ఆడతారు, ఓడినవాళ్ళు గిన్నెలు తోముతారు. ఆయన టవర్ క్రేన్ ఆపరేటర్. ఆకాశంలో చిన్న గదిలో కూర్చుని, రెండు లివర్లతో ఇనుప చువ్వల కట్టల్ని ఎక్కడ దించమంటే అక్కడ దించే మనిషి. ఆ చేతులతో గేమ్ ఆడితే గెలవక ఏం చేస్తాడు? అందుకే ఏళ్ళ తరబడి గిన్నెలన్నీ తల్లీకూతుళ్ళవే. ఈమధ్య మాత్రం రోజూ ఆయనే తోముతున్నాడు. తోమడం నామోషీ కాదు గానీ, ఓడిపోవడం ఆయనకి మహా నామోషీ.

"సరే, మార్చేద్దాం పదండి," అంది తల్లి.

కూతురు నోరు తెరుచుకుని చూసింది. కుక్కర్ రబ్బరు మార్చడానికే నెల్లాళ్ళు ఆలోచించే అమ్మ, టీవీ అనగానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది!

షాపులో సేల్స్‌మన్ మంచి మాటకారి. "గేమ్స్‌కైతే సైజు చూసి మోసపోకండి సార్. మీరు నొక్కగానే తెర ఎంత త్వరగా కదులుతుందో అదే చూడాలి. ఇదిగో, దీంట్లో గేమ్ మోడ్ ఉంది. ఆలస్యం అన్న మాటే ఉండదు," అంటూ కంట్రోలర్ చేతికిచ్చాడు.

గోల్‌కీపర్ ఆట. బంతి ఎడమవైపు వస్తే ఎడమచేతి బటన్, కుడివైపు వస్తే కుడిచేతి బటన్. బంతి వచ్చింది. గోల్.

"చూశావా? ఇదీ నత్తే!" అన్నాడు తండ్రి విజయగర్వంతో.

ఇంకో టీవీ పెట్టారు. గోల్. ఇంకా ఖరీదైనది పెట్టారు. మళ్ళీ గోల్. సేల్స్‌మన్ ముఖం వాడిపోయింది.

కూతురు మొబైల్ ఫోన్లు బాగుచేస్తుంది. ఫోన్ పాడైతే ఒక్కొక్క భాగమే మార్చి చూసుకుంటూ పోవడం ఆమె పద్ధతి. ఇక్కడా అదే చేసింది. కేబుల్ మార్పించింది, కంట్రోలర్ మార్పించింది. అయినా గోల్ పడుతూనే ఉంది. ఇక మార్చడానికి మిగిలింది ఒక్కటే.

"నాన్నా, ఓసారి ఇటివ్వు."

ఆమె ఆడితే బంతులన్నీ ఆగాయి. అమ్మకిచ్చింది. అమ్మ ఆడినా ఆగాయి. తిరిగి తండ్రి చేతికిచ్చి, ఈసారి తెరని వదిలేసి ఆయన చేతుల్నే చూస్తూ నిలబడింది.

కుడివైపు వచ్చిన బంతి ఒక్కటీ లోపలికి పోలేదు. పోయినవన్నీ ఎడమవైపువే. ఎడమచేతి వేలు బటన్ మీదే ఉంది గానీ, కదలడానికి తటపటాయిస్తోంది. టీవీ నిదానమైతే రెండువైపులా నిదానంగా ఉండాలి కదా!

"నాన్నా... నీ ఎడమచెయ్యి..."

"నా చేతికేం? దుక్కలా ఉంది!" అంటూ ఆయన దాన్ని జేబులో దాచుకోబోయాడు. అది జేబు దొరక్క తడుముకుంది.

"రేపు క్రేన్ ఎక్కకు నాన్నా. ముందు ఆసుపత్రికి పోదాం."

"ఫోన్లు విప్పినట్టు నన్నూ విప్పి చూస్తావేంటే?" గట్టిగా అరిచాడు. షాపులో అందరూ ఇటు తిరిగారు.

"అది విప్పకపోతే నేను విప్పుతాను!" అంది తల్లి. "రోజూ పొద్దున మీ చొక్కా బొత్తాలు నేనెందుకు పెడుతున్నాను? ముచ్చటపడి అనుకున్నారా? మీ చేతికి అవి అందట్లేదని పెడుతున్నాను!"

ఆయన బిత్తరపోయాడు. "నీకు తెలుసా?"

"తెలుసు. అడగడానికి భయమేసింది. టీవీదే తప్పయితే బాగుండునని ఎంత కోరుకున్నానో! అందుకే మార్చేద్దామన్నాను."

కూతురికి కిందటివారం భోజనాల దగ్గర తండ్రి చెప్పిన సంగతి గుర్తొచ్చింది. గాలికి చువ్వల కట్ట ఊగి తాపీమేస్త్రీ హెల్మెట్‌ని రాసుకుంటూ పోయిందట, హెల్మెట్ ఎగిరి సిమెంటు తొట్టిలో పడిందట. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

"నాన్నా, క్రేన్‌ని పక్కకి తిప్పే లివర్ ఏ చేతిది?"

ఆయన అమ్మకానికి పెట్టిన సోఫాలో కూలబడ్డాడు.

"ఎడమచేతిది," అన్నాడు. "ఆవేళ గాలి లేదమ్మా. ఆకు కూడా కదల్లేదు."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారే! మేమూ నవ్వామే!"

"గాలేనని నాకు నేనే చెప్పుకున్నాను. టీవీయేనని మీకు చెప్పాను." ఎడమచేతిని కుడిచేత్తో ఒళ్ళోకి తీసుకున్నాడు. "ఆ మేస్త్రీకి ఇద్దరు ఆడపిల్లలే. సాయంత్రం నాకు టీ కూడా ఇప్పించాడు, నీ తప్పేముంది, గాలి కదా అని... ఇప్పుడు క్రేన్ దిగిపోతే నేనిక దేనికి పనికొస్తాను?"

కూతురు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. "గిన్నెలు తోమడానికి," అంది.

ఆయనకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది. ఆ మనిషి ఏడవగా చూడటం కూతురికి అదే మొదలు. భార్య పక్కన కూర్చుని భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఎవరు చూస్తున్నారో ఆమె పట్టించుకోలేదు.

ఆయన కుడిచేత్తో ఫోన్ తీసి సైట్ సూపర్‌వైజర్‌కి తనే చేశాడు.

"రేపు క్రేన్‌కి ఇంకొకరిని చూసుకోండి సార్... జ్వరం కాదు. మొన్న ఆ కట్ట ఊగింది గాలికి కాదు, నా చెయ్యి ఆలస్యమైంది. మేస్త్రీకి ఈ సంగతి చెప్పకండి. నేనే వచ్చి చెప్తాను."

ఆసుపత్రికి ఆటో పిలవడానికి కూతురు బయటికి పరిగెత్తింది. ఇంతసేపూ దూరంగా నిలబడ్డ సేల్స్‌మన్ మెల్లగా దగ్గరికొచ్చాడు. ఏమనాలో తోచక, అలవాటైన మాటే అనేశాడు.

"సార్... మరి టీవీ?"

తండ్రి లేచాడు. ఇప్పుడు జేబు వెతుక్కోకుండా ఎడమచేతిని భార్య చేతికిచ్చాడు.

"వద్దు బాబూ. మా ఇంట్లో టీవీ బాగానే ఉంది."