ఆదివారం నడిచిన గడియారం

"ఈ కేసు కూడా పోతే మన శాఖకు తాళం వేస్తారు ఫెలెటీ," అంది ఓఫా మేడమ్, ఫొటో బల్ల మీద పడేసి. టోంగా దీవుల రాజధాని నుకుఅలోఫాలో గూఢచారి శాఖకు ఆమే పెద్ద.

ఫొటోలో మిట్టమధ్యాహ్నపు ఎండ, ఓ చిన్న దీవి పగడపు దిబ్బ లోపల దొంగతనంగా చేపలు పట్టే విదేశీ ముఠా ఓడ. మూలన మాత్రం శనివారం రాత్రి అని పడింది.

"ఓడ లాయరు పడీపడీ నవ్వాడు. ఆ దీవిలో శనివారం పొద్దుగుంకితే జనరేటరు కట్టేస్తారు. ఆదివారం అంతా చర్చిలోనే. దొంగలకు పండగ!"

ఆ దీవి నీళ్ల ట్యాంకు మీద శాఖ దాచిన కెమెరా పెట్టెలో అరచేతంత లైనక్స్ కంప్యూటరు ఉంది. పొద్దున్నే సోలారు పలక దాన్ని లేపుతుంది. సొంత గడియారం లేదు, జనరేటరు లేక నెట్ టవరు పనిచేయదు. పాపం, తాను పడుకున్న వేళే ఇంకా నడుస్తోందనుకుంటుంది.

"ఇదిగో గడియారం చిప్, బిళ్ల బ్యాటరీ. కరెంటు పోయినా టైము తప్పదు."

"గెలుస్తామా మేడమ్?"

"నాకైతే ఆశ లేదు. బయల్దేరు."

శనివారం ఫెలెటి బోధకుడి వేషంలో, నడుముకు తఓవాలా చాప చుట్టుకుని పడవ దిగాడు. రేవులో నల్లకళ్లద్దాల అందగత్తె లూపే ఎదురొచ్చింది. దీవిలో శాఖకున్న ఏకైక మనిషి.

"చామాకు కూరలో కొబ్బరిపాలు తగ్గాయట?" అన్నాడు.

"ఉప్పే ఎక్కువైంది," అంది. సంకేతం కుదిరింది. "సంచి ఇలా ఇవ్వండి బోధకుడుగారూ. ముందు భోంచేద్దురు."

భోంచేశాక ట్యాంకెక్కాడు. నాలుగు తీగలు కలిపాడు. స్టార్టప్ ఫైల్లో చిప్ పేరు చేర్చాడు. పాత టైమే పట్టుకు వేలాడే ప్రోగ్రాము పీకేశాడు. నెట్ నుంచి వచ్చిన సరైన టైమును చిప్‌లో రాయించాడు. అంతలో జనరేటరు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు వెర్రిబాగులవాడు!

ఆదివారం పొద్దున పెట్టె వైఫైకి ఫోను కలిపి చూస్తే పెట్టె ఎన్నో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తోంది. బ్యాటరీ పీకి చూశాడు. గీతలు పడ్డ పాత బిళ్ల. తనకిచ్చింది కొత్తది. సంచి మోసింది లూపే.

"ఓసి మాయలాడీ! ముఠా సొమ్మూ తింటున్నావన్నమాట!"

దుకాణాలు మూత. ఆదివారం పని పాపం, పైగా నేరం. దొరికితే కొలువు పోతుంది. వాళ్లమ్మ ఉండి ఉంటే కాళ్లు విరగ్గొట్టేది. చర్చిలో న్యూజిలాండు బంధువులు పంపిన బిళ్ల బ్యాటరీ కొవ్వొత్తులు మినుకుమంటున్నాయి. జనం కళ్లు మూసుకుని ప్రార్థిస్తుంటే ఫెలెటి ఒకటి జేబులో వేశాడు.

ట్యాంకు మీద కొవ్వొత్తి బిళ్లను చిప్‌లో బిగించి, చేతివాచీ చూసి టైము రాయించాడు. కరెంటు తీసి మళ్లీ పెట్టాడు. టైము నిలబడింది. తలెత్తేసరికి దిబ్బ దగ్గర ఓడ. కెమెరా క్లిక్‌మంది.

కోర్టులో ఓడ లాయరు మొదట అదే కెమెరా తీసిన వేరే ఫొటో చూపించాడు. స్క్రూడ్రైవరు పట్టుకున్న ఫెలెటి మొహం, మూలన ఆదివారం ఉదయం అన్న అక్షరాలు.

"ఈ టైము నిజమేనా, బోధకుడుగారూ?" అన్నాడు వెటకారంగా.

కాదంటే ఉద్యోగం దక్కుతుంది, ఓడ వెళ్లిపోతుంది. ఔనంటే తను నేరస్థుడు. వెనక బెంచీల్లో దీవి జాలరులు కూర్చున్నారు. నెలల తరబడి ఖాళీ వలలు లాగిన చేతులు వాళ్లవి. ఫెలెటికి ఏడుపొచ్చింది.

"నిజమే. ఆదివారం పని చేశాను."

జడ్జి కళ్లజోడు సవరించుకున్నాడు. "అయితే ఆ వెంటనే తీసిన ఓడ ఫొటో మీద టైమూ నిజమే కదా, లాయరుగారూ?"

లాయరు తన ఫొటోను ఫైల్లో పెట్టి మూసేశాడు.

ఓడ జప్తయింది. "ఇప్పుడు పట్టుకుని ఏం లాభం, చేపలెక్కడున్నాయి?" అంటూ జాలరులు వెళ్లిపోయారు. ఫెలెటి జరిమానా కట్టి, గుర్తింపు కార్డు ఓఫా మేడమ్ చేతిలో పెట్టాడు.

లూపే మీద మాత్రం ఏ కేసూ నిలవలేదు. సాక్షి లేడు, పైగా ఆవిడ తన పని శనివారమే ముగించుకుంది.