ఆలస్యంగా వచ్చే ఆమేన్

మా ఊళ్ళో కొత్త గేటు పెట్టిస్తే ఇరుగుపొరుగుని పిలిచి మరీ చూపిస్తారు. సెప్టిక్ ట్యాంకు తోడించే రోజు మాత్రం సొంత చుట్టాలకి కూడా చెప్పరు. ఆ లారీ వీధిలోకి మలుపు తిరిగితే చాలు, ఎవరింటికి పోతోందా అని కిటికీలన్నీ తెరుచుకుంటాయి. అందుకే అందరూ వాయిదా వేస్తారు. ఈస్టర్ కానీ, వానలు వెలవనీ, పిల్ల పరీక్షలు అవనీ... అలా ఏళ్ళు గడుస్తాయి. నిండిపోయాను బాబూ అని ట్యాంకు వచ్చి తలుపు కొట్టదు కదా.

మా తమ్ముడు కురియచ్చన్ ఇంకాస్త ముందుకి పోయాడు. వంటింటి వెనక వసారా పెంచినప్పుడు ట్యాంకు మూత మీదే ఎర్ర టైల్సు పరిపించి, ఆ పైన బట్టలుతికే రాయి వేయించాడు.

"మూత కనపడకపోతే ఇల్లు నీటుగా ఉంటుంది చేచ్చీ," అన్నాడు.

"రేపు తోడించాల్సొస్తే ఏం చేస్తావురా? రాయిని బతిమాలుకుంటావా?"

నవ్వేశాడు. నేను, ఏలిక్కుట్టిని, వాడి పెద్దక్కని. మా వైపు అక్కని చేచ్చీ అంటారు. పక్కింట్లోనే ఉంటాను. మా ఆయన పోయాక నా నోటికి అడ్డు చెప్పేవాళ్ళు లేరు, నా మాట వినేవాళ్ళూ లేరు. ఆ రాయికీ మేమంతా తాగే బావికీ మధ్య ఒక్క పనసచెట్టు ఉండేది.

కురియచ్చన్‌కి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రోస్‌మోళ్, చిన్నది లీన. పొద్దు వాలాక అందరం స్నానాలు చేసి, కాళ్ళు కడుక్కుని, గోడ మీది యేసు పటం ముందు చాప పరుచుకుని మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. వాడి భార్య జైనమ్మ ప్రార్థన సగం చెప్పేది, మిగతా సగం మేం అందుకునేవాళ్ళం. రోస్‌మోళ్ ఎప్పుడూ వెనకబడేది. అందరి ఆమేన్ అయిపోయి, గది సద్దుమణిగాక, దాని ఆమేన్ ఒక్కటీ వచ్చేది. ముందు పళ్ళు ఊడిపోయి, చివర్లో గాలి పోతూ.

"దేవుడు తలుపేసుకునే వేళకి వస్తావే నువ్వు," అని దెప్పేదాన్ని.

"మళ్ళీ తీస్తాడులే అత్తా," అనేది.

కిందటేడు వానల్లో దానికి కామెర్లు వచ్చాయి. మొదట అన్నం సయించలేదు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. ఆకు పసరు పోశారు, తాయెత్తు కట్టారు, చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పిల్ల తిరిగి రాలేదు. దాని గురించి ఇంతకంటే రాయడం నా వల్ల కాదు.

ఆ తర్వాత ఆరోగ్య శాఖ ఆవిడ బావినీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేయించింది. తిరిగొచ్చి, పనసచెట్టు కింద నిలబడి నాకూ మా తమ్ముడికీ చెప్పింది. ట్యాంకు నిండిపోయి గోడలు చెమ్మగిల్లాయట. ఆ చెమ్మ మట్టిలోంచి బావిలోకి దిగుతోందట. కట్టించాక ఎప్పుడు తోడించారని అడిగింది. కురియచ్చన్ ఉతికే రాయి వైపు చూశాడు. ఆవిడ వెళ్ళాక చెట్టుకి ఆనుకుని, "జైనమ్మకి చెప్పకు చేచ్చీ. తట్టుకోలేదు," అన్నాడు.

వానల్లో తోడిస్తే నేలలోని నీళ్ళకి ఖాళీ ట్యాంకు పైకి లేస్తుందని ఎవరో అన్నారు. సరే, వానలు వెలిశాక అనుకున్నాం. మళ్ళీ అదే మాట. అంతవరకూ నీళ్ళు కాచుకుని తాగాం.

వానలు వెలిసే రోజుల్లోనే మొదటిసారి విన్నాం.

పొద్దు వాలింది. ప్రార్థన అయింది. ఆమేన్ అన్నాం. చిన్న లీన కూడా అంది. గది సద్దుమణిగింది. కరెంటు లేదు, కొవ్వొత్తి వాసన, తడి గోడల వాసన. అప్పుడు బాత్రూంలోంచి...

ముందు బుడగ తేలినట్టు చిన్న శబ్దం. ఆ తర్వాత లోతులోంచి, గొంతులో నీళ్ళు ఉన్నట్టు... "ఆ... మే..."

చివర్లో గాలి పోయింది.

ఎవరమూ కదల్లేదు. జైనమ్మ మొహం చూశాను. కూతురు పోయిన నాటినుంచి ఆ మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

నేను ఊరికే భయపడే మనిషిని కాను. మర్నాడు పొద్దున్నే జైనమ్మని కూర్చోబెట్టి చెప్పాను. ట్యాంకు నిండితే నీళ్ళు దిగవు, తూములోంచి గాలి వెనక్కి తంతుంది, సందెవేళ అందరం స్నానాలు చేస్తాం కాబట్టి అప్పుడే గుడగుడమంటుంది, అంతే అని. తలూపింది. ఆ సాయంత్రం బాత్రూం గుమ్మం ముందుకి చాప జరిపింది. ఆ తర్వాత రోజూ పొద్దు వాలే వేళకే బట్టలు నానబెట్టడం, బకెట్లకి బకెట్లు తూములో పొయ్యడం మొదలుపెట్టింది. నీళ్ళు ఎంత పోస్తే ఆ గొంతు అంత బాగా పలికేది.

కురియచ్చన్ లారీ మాట ఎత్తినప్పుడల్లా వెళ్ళి ఉతికే రాయి మీద కూర్చునేది. "నా పిల్లని రెండోసారి ఇంట్లోంచి పంపించను," అనేది. వాడు తల దించుకుని వెళ్ళిపోయేవాడు.

ఎండాకాలం చివర్లో లీన అన్నం పళ్ళెం పక్కకి నెట్టేసింది. చేపల కూర అంటే ప్రాణం పెట్టే పిల్ల, వాసనకే మొహం తిప్పుకుంది. కళ్ళ కింద రెప్ప లాగి చూశాను. పచ్చగా ఉంది. ఆసుపత్రిలో డాక్టరు మందులు రాసి, అన్నిటికంటే ముందు ఆ బావి సంగతి చూడమన్నాడు. తాగే నీళ్ళు కాస్తున్నాం సరే, పళ్ళు తోముకునేది, పుక్కిలించేది పచ్చినీళ్ళతోనే కదా.

ఈసారి కురియచ్చన్ ఎవర్నీ అడగలేదు. షాజీకి ఫోన్ చేశాడు.

షాజీది పచ్చరంగు ట్యాంకరు లారీ. వెనక పెద్ద అక్షరాలతో 'పన్నీరు' అని రాయించుకున్నాడు. నాలుగు ఊళ్ళకీ వాడొక్కడే. వీధి వాళ్ళ కళ్ళు పడకుండా మసక వేళకి వచ్చాడు. మబ్బు పట్టి ఉంది.

"పేరు భలే పెట్టావయ్యా," అన్నాను.

"మా చిన్నది పెట్టింది చేచ్చీ. దానికి ఈ లారీ అంటే పిచ్చి. రోజంతా వెనక్కి వెనక్కి నడుస్తూ పీం... పీం... అంటుంది, లారీ రివర్స్ చేస్తున్నట్టు."

"మీ ఇంటి ట్యాంకు ఎప్పుడు తోడావు?"

"ఊరందరిదీ తోడేసరికి మా ఇంటిది తోడటానికి తీరికెక్కడిది?" అని నవ్వుతూ గొట్టం దింపాడు.

జైనమ్మ రాయి మీద కూర్చునే ఉంది. మోకాళ్ళు కావలించుకుని.

"లేవమ్మా," అన్నాడు కురియచ్చన్.

లేవలేదు. నాకు ఓపిక పోయింది. వాడి వైపు చూడకుండా చెప్పేశాను.

"జైనమ్మా, రోస్‌మోళ్‌ని తీసుకుపోయింది ఈ ట్యాంకే. దీనిలోది బావిలోకి దిగింది. అది తాగే పిల్ల పోయింది. ఇప్పుడు నువ్వు దేని మీద కూర్చున్నావో తెలుస్తోందా?"

జైనమ్మ మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. తర్వాత మెల్లగా అంది.

"తెలుసు చేచ్చీ. పనసచెట్టు కింద మీరు మాట్లాడుకున్న రోజే కిటికీలోంచి విన్నాను. దాన్ని చంపిందీ ఇదే. దాచుకున్నదీ ఇదే. దాని గొంతు నేను ఇంకెక్కడికి పోయి వినను?"

కురియచ్చన్ గోడ పట్టుకున్నాడు. అప్పుడు గదిలోంచి లీన నీరసంగా, "అమ్మా, దాహం," అంది.

జైనమ్మ కళ్ళు మూసుకుంది. లేచింది. రాయిని ఒకసారి అరచేత్తో నిమిరి లోపలికి వెళ్ళింది. ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

రాయి దొర్లించారు. టైల్సు పగలగొట్టారు. మూత లేపేసరికి లోపలి నుంచి వెచ్చటి వాసన మొహానికి కొట్టింది. ముక్కుకి కొంగు చుట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మోటారు మొదలైంది. గొట్టం వణుకుతూ తాగడం మొదలుపెట్టింది.

అది ప్రార్థన వేళ. ఎవరూ చాప పరవలేదు.

మట్టం దిగుతున్న కొద్దీ ఇంట్లోని తూములన్నీ గాలి పీల్చుకోసాగాయి. ముందు వంటింటి తూము. తర్వాత పెరటి తూము. చివరికి బాత్రూం తూము... పొడుగ్గా, ఆగకుండా, ఏడ్చే ముందు పిల్లలు ఊపిరి లోపలికి పీలుస్తారే, అలా. పీలుస్తూనే ఉంది. బయటికి వదలడం లేదు.

"అత్తా," మంచం మీంచి లీన గుసగుసగా పిలిచింది. "అక్కని ఎవరు లాగుతున్నారు?"

పిల్ల చెవులు మూశాను.

జైనమ్మ బాత్రూం గుమ్మంలో నేల మీద పడుకుని తూముకి నోరు ఆనించి ఏదో చెబుతోంది. వెళ్ళమందో, భయపడొద్దందో, నాకు వినపడలేదు.

మోటారు ఆగింది.

తూము ఆగింది.

ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను అంతకు ముందు ఎరగను.

లారీ కదులుతుంటే జైనమ్మ తడి బట్టలతో వీధిలోకి పరిగెత్తి షాజీ కిటికీ పట్టుకుంది. "ఎక్కడ దించుతావు అన్నా?"

"మురుగు శుద్ధి చేసే ప్లాంటుకి, ఇంకెక్కడికి," అన్నాడు షాజీ, ఆమె వైపు చూడకుండా. వాడు పొలాల పక్క కాలవలో దించుతాడని ఊరందరికీ తెలుసు.

లీన కోలుకుంది. బావి తోడించి, మందు వేయించి, మళ్ళీ పరీక్ష చేయించారు. ట్యాంకు గోడలకి సిమెంటు పూశారు, మూత తెరిచేలా పెట్టించారు, ఉతికే రాయి చెట్టు కిందికి మారింది. చెయ్యాల్సినవన్నీ చేశారు. ఒక పిల్లకి ఆలస్యంగా, ఒక పిల్లకి వేళకి. సాయంత్రం ప్రార్థనలో ఆమేన్ తర్వాత ఇంకేమీ వినపడేది కాదు. అయినా జైనమ్మ వెంటనే లేచేది కాదు. మేమూ లేచేవాళ్ళం కాదు.

కొన్నాళ్ళకి షాజీ వచ్చాడు. లారీ లేకుండా, నడుచుకుంటూ. చెప్పులు గేటు బయటే వదిలేశాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"చేచ్చీ, మీ ఇంట్లో పిల్ల పోయిందంట కదా."

"అవును. ఎందుకు?"

గొంతు తగ్గించాడు. "లారీ కడిగించాను. పూజ కూడా చేయించాను. ఖాళీగానే ఉంటుంది... పొద్దు వాలేసరికి లోపల్నుంచి తడుతుంది. ఎవరింటి ముందు ఆపినా తడుతుంది. ఇదేనా ఇల్లు అని అడిగినట్టు. మళ్ళీ బండి కదిలిస్తే ఏడుస్తుంది."

జైనమ్మ నా వెనకే నిలబడి ఉంది. నేను చూసుకోలేదు.

"ఒక్కసారి తీసుకురా అన్నా," అంది. "ఒక్కసారి ఇల్లు చూపిద్దాం."

ఆ సాయంత్రమే తెచ్చాడు. లారీని పెరట్లో పెట్టి, ఇంజను ఆపి, తాళంచెవి తీసి చేతిలో పట్టుకున్నాడు. జైనమ్మ చాప లారీ వెనకే పరిచింది. వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఈసారి మాలో ఎవరికీ పట్టలేదు. కురియచ్చన్, నేను, లీన, అందరం మోకాళ్ళ మీద కూర్చున్నాం. షాజీకి మా ప్రార్థన రాదు. అయినా చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

జైనమ్మ సగం చెప్పింది. మేం సగం చెప్పాం. ఆమేన్ అన్నాం.

పనసాకు ఒకటి రాలింది.

ఇనప ట్యాంకు లోపల చిన్న చెయ్యి తట్టింది. తర్వాత, నీళ్ళు లేని పొడి గొంతుతో, స్పష్టంగా... "ఆ... మే..."

జైనమ్మ రెండు చేతులూ ఆ ఇనుముకి ఆనించి ఏడ్చింది. "వచ్చావా తల్లీ. ఇదే మన ఇల్లు. ఇంక వెతుక్కోకు," అంది. మేమందరం ఏడ్చాం. అప్పుడు నాకు భయం లేదు, ఒట్టు. ఉత్త దుఃఖమే.

ఆగింది. అంతా అయిపోయిందనుకుని లేవబోయాను.

అప్పుడు లోపల్నుంచి ఇంకో గొంతు. ఇంకా చిన్నది. ఆడుకుంటున్నట్టు.

"పీం... పీం..."

షాజీ చేతిలోంచి తాళంచెవి కింద పడింది. కాసేపు లారీ వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఎత్తింది. ఆ నిశ్శబ్దంలో ఆమె మాటలు మాకూ వినపడుతున్నాయి.

"చిన్నదేం చేస్తోంది?"

"పడుకుంది. పొద్దుటి నుంచి అన్నం వద్దంటోంది. ఎందుకు?"

"కళ్ళు..." షాజీ లారీకి వీపు తిప్పాడు. "దాని కళ్ళు చూడు. దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూడు."

ఫోను ఎక్కడో పెట్టిన చప్పుడు. దూరంగా వెళ్తున్న అడుగులు. మేమంతా ఆమె తిరిగి రావడం కోసం ఫోను చుట్టూ నిలబడ్డాం.

లారీ లోపల ఎవరో వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. పీం... పీం... అంటూ, మూత దగ్గరికి.