మూడు శనివారాల బోల్టు

మూడో శనివారం కూడా ఆ బోల్టు కదల్లేదు. ఓస్సికి లోలోపల పండగలా ఉంది.

ఔలు ఊరి శివార్లలో, ఎవరి కారు వాళ్లే బాగుచేసుకునే షెడ్డది. పానాలు, జాకీలు, కాఫీ షెడ్డువి. ఒళ్లు వంచడం మాత్రం వచ్చినవాళ్ల వంతు. షెడ్డు ఓస్సి పెద్దమ్మ కెర్తుది. పనిముట్ల గది చూసుకునేది అతను.

ఫిబ్రవరిలో హెల్కా మొదటిసారి వచ్చినప్పుడు, "ఈ కారు మీ తాతయ్యదా?" అని అడిగి తన్నించుకున్నంత పని చేశాడు.

"కారుకి ముప్పై, నాకు ఇరవయ్యారు. నీకెవరి వయసు కావాలి?" అంది హెల్కా.

ఓస్సి పని ఆ పూటే అయిపోయింది.

అప్పట్నుంచి ప్రతి శనివారం చూస్తున్నాడు. కారు కింద పడుకుని, మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్లు పెట్టిన తుప్పునీ, దానిమీద తారులా అట్టకట్టిన పూతనీ గీకి, ముందు చక్రాల సస్పెన్షన్ అంతా ఒక్కతే విప్పింది. ఏ బోల్టు ఎక్కడిదో డబ్బాల మీద రాసి పెట్టుకుంది. అంత ఓపిక, అంత మొండితనం ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో ఓస్సికి అర్థం కాలేదు. అంతగా నచ్చేసింది.

ఇక మిగిలింది ఎడమవైపు ఒక్క బోల్టు. నూనె పోసింది, సుత్తితో కొట్టింది, పానాకి పైపు తగిలించి వేలాడింది. ఊహూఁ.

అసలు సంగతి ఓస్సికి తెలుసు. దాన్ని పట్టుకున్నది తుప్పు కాదు. వదులైపోకుండా మరలకి ముందే పూసిన జిగురు. నూనెకి లొంగదు, కాస్త వేడి చూపిస్తే మెత్తబడుతుంది. వేడిగాలి ఊదే హీట్ గన్ అతని కుర్చీ వెనకే ఉంది.

కానీ బోల్టు ఊడితే ఆమె కూడా ఊడిపోతుంది. సోమవారం నుంచి ఉత్తరాన రొవనియెమి ఊళ్లో రెయిన్‌డీర్ల డాక్టరుగా చేరాలి. అందుకే అయ్యగారు నోట్లో బన్ను కుక్కుకుని కూర్చున్నారు.

"నీ వంశం నిర్వంశం కాను!" అని కారు కింది నుంచి బోల్టుకి దీవెన వినిపించింది. ఆ వెంటనే పానా జారిన చప్పుడు.

హెల్కా బయటికొచ్చింది. వేళ్ల కణుపుల మీద చర్మం లేచిపోయింది. "ఇవాళ కాకపోతే తుక్కుకి ఇచ్చేసి బస్సెక్కుతాను. నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది దీంట్లోనే" అంది.

ఓస్సి బన్ను పక్కన పెట్టాడు.

"హెల్కా, అది తుప్పు కాదు. జిగురు. వేడి చేస్తే వస్తుంది."

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు దాన్ని ముట్టుకున్న మొదటి శనివారమే."

హెల్కా ఒక అడుగు ముందుకేసింది.

"మూడు శనివారాలు! నేను పైపు పట్టుకుని కోతిలా వేలాడుతుంటే, 'ఇంకొంచెం బలంగా' అన్నావు కదరా!"

"ఊడితే వెళ్లిపోతావని. నువ్వంటే నాకు ప్రాణం. చెప్పడం చేతకాలేదు. తప్పే."

"వేడి చేసే మిషను తే."

"నేను చేస్తా..."

"ఎలాగో చెప్పు, చాలు."

చెప్పాడు. పక్కనున్న రబ్బరు కాలకుండా తడిగుడ్డ చుట్టింది. తొందరపడకుండా వేడి చేసింది. ఘాటు వాసన రాగానే పానా వేసి మెల్లగా తిప్పింది. బోల్టు కీచుమంటూ బుద్ధిగా వచ్చేసింది. ఆ నిదానం చూసి, తను పోగొట్టుకుంటున్నదేమిటో ఓస్సికి మరింత బాగా తెలిసొచ్చింది.

కొత్త బోల్టు బిగించి, విప్పినవన్నీ తిరిగి అమర్చి, కారు నేలమీదికి దింపేసరికి మూడయింది. కావలసిన పానాలు కూడా తనే వెళ్లి తెచ్చుకుంది.

"నీకు బుద్ధి లేదురా. చెప్పావు, అదొక్కటే నయం" అంది, అంతా విన్న కెర్తు పెద్దమ్మ.

హెల్కా కారు స్టార్ట్ చేసింది. ఓస్సి కిటికీ దగ్గరికి వెళ్లాడు. ఏదో అనబోతే పని మాటే వచ్చింది. "వంద కిలోమీటర్లయ్యాక బోల్టుల బిగింపు ఒకసారి చూసుకోవాలి. మర్చిపోకు."

"వంద కిలోమీటర్లంటే ఎక్కడుంటాను?"

"కెమిలో."

"అక్కడెవరు చూస్తారు?"

"ఏ షెడ్డులోనైనా చూస్తారు."

వెనక పెద్దమ్మ నుదురు కొట్టుకుంది.

హెల్కా పక్కసీట్లో సంచి తీసి వెనక్కి విసిరింది. "నా మూడు శనివారాలు తిన్నవాడే చూడాలి. ఎక్కు."

"తిరిగి రావడానికి రైలు ఎన్నింటికో..."

"అది నేనడిగానా?" అంది. నవ్వు ఆపుకోలేకపోయింది.

ఓస్సి పానా కోసం వెనుదిరిగేసరికి పెద్దమ్మ దాన్ని పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది.

"ఇదిగో. సోమవారం కూడా నీకు సెలవేరా" అంది.