జాతర రోజు బోర్డు మీటింగు

"ఈ మీటింగు ఎప్పుడు జరిగింది సార్?" అని అడిగింది నీరజ, మినిట్స్ పుస్తకం మీద వేలు పెట్టి.

"ఆడ రాసుండాది కదా మేడమ్. పోయినేడు మే ఇరవై రెండు, పొద్దున పదకొండు గంటలకు," అన్నాడు దామోదర్.

"యాడ జరిగింది?"

"ఈ రూములోనే. డైరెక్టర్లు ఇద్దరూ వచ్చినారు. నేను ఆ మూల నిలబడి అంతా రాసుకుంటి."

నీరజ బుద్ధిగా తల ఊపింది.

"ఆ పొద్దు కుప్పంలో గంగమ్మ జాతర. ఊరు ఊరంతా వీధుల్లోనే ఉండాది. నేను మా పిన్నమ్మ ఇంటికి వచ్చింటి. పదకొండు గంటలకు మీరు స్టేషన్ రోడ్డులో మజ్జిగ పోస్తా ఉండారు. నాకూ పోసినారు. ఉప్పు తక్కువైంది."

దామోదర్ గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. ఆదెప్ప గ్రానైట్స్ ప్రైవేట్ లిమిటెడ్‌కు అతను మేనేజరు, యజమాని ఆదెప్పకు సొంత మేనల్లుడు. పుంగనూరు నుంచి వచ్చి మామ దగ్గర చేరి ఆరేళ్లయింది. బండలు కోయించడం, పాలిష్ పట్టించడం, లారీ ఎక్కించడం అన్నీ అతని పనే. వాటితోపాటు జరగని మీటింగులు రాయడం కూడా.

కంపెనీ అన్నాక డైరెక్టర్లు మూడు నెలలకొకసారైనా కూర్చుని మాట్లాడుకోవాలని చట్టం. ఇక్కడి డైరెక్టర్లు ఆదెప్ప, ఆయన భార్య సుశీలమ్మ. ఒకే ఇంట్లో ఉండి రోజూ మాట్లాడుకునేవాళ్లకు మళ్లీ మీటింగెందుకని ఆదెప్ప వాదన. అందుకని ఏటా మార్చి నెలాఖరున దామోదర్ గోడ మీది క్యాలెండర్ చూసి, ఎర్ర అంకె కాని తేదీలు నాలుగు ఏరుకుని, ఏడాది మీటింగులన్నీ ఒక్క పూటలో జరిపించేసేవాడు. సుశీలమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వెళ్లేది.

చిక్కంతా ఆ క్యాలెండర్‌తో వచ్చింది. అది మదనపల్లెలో ఎవరో నూనె వ్యాపారి అచ్చు వేయించి పంచినది. కుప్పం జాతర అందులో ఎర్రగా ఎందుకుంటుంది?

"మీకు నేను మజ్జిగ పోసినానా?" అన్నాడు చివరికి. తప్పు దొరికిపోయిన మనిషి అడగాల్సిన మాట అది కాదు. కానీ అతనికి ముందు అదే వచ్చింది.

"రెండు గ్లాసులు. రెండోది మీరే పిలిచి ఇచ్చినారు."

"వేలమందికి పోసింటి మేడమ్."

"నేనూ అట్లనే అనుకుంటి," అని నీరజ పేజీ తిప్పేసింది.

అందులో కోపమెంతో నవ్వెంతో అతనికి తేలలేదు. అలాంటి కళ్లను చూసి కూడా గుర్తు పెట్టుకోని తన మతిని మాత్రం బాగా తిట్టుకున్నాడు.

నీరజది మదనపల్లె. నాయన మునెయ్య టమోటా మార్కెట్లో బుట్టలు మోసి చదివించాడు. ఆరేళ్లు ఇంట్లో కూర్చుని చదివి కంపెనీ సెక్రటరీ పరీక్షలు గట్టెక్కింది. చిన్న కంపెనీలు కూడా ఏటా బయటి సెక్రటరీ చేత 'అంతా చట్టప్రకారం నడిచింది' అని సర్టిఫికెట్ తీసుకోవాలని రూలు వచ్చి రెండేళ్లయింది. ఆ మాటను ఆదెప్ప చెవిన పెట్టుకోలేదు. ఈ ఏడాది, అంటే రెండు వేల మూడులో, బెంగళూరు కంపెనీ ఒకటి మూడేళ్ల ఆర్డరు ఇస్తాం, ముందు సర్టిఫికెట్ చూపించండి అన్నాక చెవిన పడింది. ఆర్డరు వస్తే నలభై మందికి మూడేళ్లు పని. రాకపోతే రెండో కోత మిషను ఆపేయాలి.

ఆ సర్టిఫికెట్ మీద పెట్టాల్సిన సంతకం నీరజది.

ఆమె మదనపల్లె నుంచి రెండు బస్సులు మారి నాలుగుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా దామోదర్ టీ తెప్పించేవాడు, సాయంత్రం తన మోపెడ్ మీద బస్టాండుకు దింపేవాడు. ఆమె అతని రిజిస్టర్లలో తప్పులు పడుతూనే ఉండేది.

"మార్చిలో మీటింగుకి సుశీలమ్మగారు పన్నెండు నిమిషాలు మాట్లాడినారని రాసినారే. ఏం మాట్లాడినారు సార్?"

"కంపెనీ అభివృద్ధి గురించి మేడమ్."

"ఆమెను అడిగినా. కంపెనీకి రెండు మిషన్లు ఉండాయని నేను చెప్తే తెలిసింది ఆమెకి."

"మీరు అత్తను కూడా అడిగినారా?"

"డైరెక్టరు కదా. అడక్కుండా ఎట్లా?"

అతనికి సిగ్గేసింది. ఆమె వచ్చే రోజు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకోవడం మాత్రం మానలేదు. బండల దుమ్ములో తెల్లచొక్కా ఏమిటని కోత మిషను నడిపే పాపన్న అడిగితే, ఇన్‌స్పెక్షన్ అన్నాడు.

ఆగస్టులో ఒక రోజు కొంప మునిగింది.

కోత మిషను తిరుగుతుంటే పక్కనున్న మనిషితో కూడా అరిచే మాట్లాడాలి. ఆదెప్ప ముప్పై ఏళ్లుగా అలాగే మాట్లాడుతున్నాడు. ఆ రోజు షెడ్డులో మేనల్లుణ్ణి పట్టుకుని గొంతెత్తి చెబుతుండగా చప్పున కరెంటు పోయింది. మిషను ఆగింది. ఆదెప్ప ఆగలేదు.

"టీ తాపించు, బండెక్కించుకో, నాలుగు మంచి మాటలు చెప్పు. ఎట్లన్న జేసి ఆ పాపతో సంతకం పెట్టించు దామూ."

"సరే మామా," అని దామోదర్ కూడా అంతే గట్టిగా అరిచాడు. అది ప్రాంగణమంతా వినపడింది. ఆఫీసు గుమ్మంలో నీరజ నిలబడి ఉంది.

ఆమె ఫైళ్లు సంచిలో సర్దుకుని బయటికి నడిచింది. అప్పుడే వాన మొదలైంది. దామోదర్ మోపెడ్ తీసుకుని వెంట పరిగెత్తాడు.

"ఎక్కండి మేడమ్, తడస్తారు."

"ఎన్ని రోజులుగా ఎక్కించుకోమన్నాడు మీ మామ?"

"ఈ పొద్దే అన్నాడు."

"అంతకుముందు?"

"అంతకుముందు నేనే."

నీరజ నడుస్తూనే ఉంది. అతను ఇంజను ఆపి, బండి నెట్టుకుంటూ పక్కన నడిచాడు. ఇద్దరికీ గొడుగు లేదు. దారిన పోయేవాళ్లు బండి ఉండి కూడా తడుస్తున్న ఆ ఇద్దరినీ విడ్డూరంగా చూశారు.

"సంతకానికే అయితే చెప్పేయండి," అంది ఆమె. "నాకేం బాధ లేదు."

బాధ ఉందని ఆ గొంతే చెప్పింది. దామోదర్‌కు అప్పుడు భయం వేసింది. ఆర్డరు పోతుందని కాదు. ఈ అమ్మాయి జీవితాంతం తనను అలాగే అనుకుంటుందని.

"సంతకం పెట్టొద్దండి," అన్నాడు.

ఆమె ఆగింది. "ఏమి?"

"అంతా సరిగ్గా ఉండాదని రాయొద్దు. ఉండేది ఉండేట్టు రాయండి. నాలుగు మీటింగులూ జరగలేదు. నేనే రాసినా. అది కాగితం మీద రాసిస్తా, కింద నా పేరుతో."

"మీ మామ ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

"మరి ఏల రాయడం?"

"అప్పుడు మీకు టీ తాపిస్తే అది టీనే అవుతాది కదా."

నీరజ ముఖం పక్కకు తిప్పుకుంది. వానలో ఏడ్చిందో నవ్విందో ఎవరికీ తెలియదు. బస్సు వచ్చే వరకు ఇద్దరూ ఒకే పెంకుల చూరు కింద నిలబడ్డారు. ఆమె మళ్లీ అతన్ని 'సార్' అనలేదు.

దామోదర్ ఆ కాగితం రాసిచ్చాక ఆదెప్ప వారం రోజులు మేనల్లుడితో మాట్లాడలేదు. ఆ వారంలోనే కంపెనీ పుట్టాక మొదటి నిజమైన బోర్డు మీటింగుకు నోటీసు వెళ్లింది. దామోదర్ దాన్ని వంటింట్లోకి పట్టుకెళ్లి సుశీలమ్మ చేతికిచ్చి, అందినట్టు సంతకం అడిగాడు.

"చదివినాక పెడతా," అంది ఆవిడ. కంపెనీ పెట్టిన తొమ్మిదేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

మీటింగు రోజు పట్టుచీర కట్టుకుని వచ్చింది. పాత మినిట్స్ ముందేసుకుని భర్త వైపు చూసింది.

"రెండో మిషను కొనేదానికి నేను సంతోషంగా ఒప్పుకున్నానంట. ఎప్పుడయ్యా?"

"పాతవి ఇప్పుడెందుకులే సుశీలా."

"పాలిష్ కాడ ఆడోళ్లు నోటికి చెంగు కట్టుకోని పని చేస్తాండారు. వాళ్లకు మాస్కులు కొనాలని యాడన్నా రాసుండాదా?"

లేదు. అది ఆ పూటే రాశారు. దామోదర్ రాసిన వాటిలో నిజంగా జరిగిన మొదటి తీర్మానం అదే.

తర్వాత అసలు విషయం వచ్చింది. మీటింగులు జరగలేదని ఒప్పుకుంటూ సర్టిఫికెట్ తీసుకుందామా, వద్దా? ఆదెప్ప వద్దన్నాడు. ఆర్డరు పోతుందన్నాడు, పరువు పోతుందన్నాడు. సుశీలమ్మ తీసుకుందామంది. ఓట్లు సమానమైతే ఛైర్మన్‌గా ఆదెప్పకు ఇంకో ఓటు ఉంటుందని నీరజ నిజాయితీగా చెప్పింది. ఆదెప్ప సంబరంగా చెయ్యెత్తబోయి భార్య ముఖం చూశాడు. సాయంత్రం వెళ్లాల్సింది ఆవిడ ఉండే ఇంటికే. చెయ్యి మెల్లగా దిగింది.

"కానీండి," అన్నాడు.

నీరజ ఉన్నది ఉన్నట్టు రాసి, ఇకముందు ఏ మీటింగు ఎప్పుడు జరుగుతుందో కూడా జతచేసింది. బెంగళూరువాళ్లు ఇరవై రోజులు నాన్చి, మూడేళ్లకు కాదు, ఒక ఏడాదికి ఇచ్చి చూస్తామని జవాబు రాశారు. రెండో మిషను ఆగలేదు. ఆదెప్ప మేనల్లుడితో మళ్లీ మాట్లాడాడు, అరుస్తూనే.

చివరి కాపీలు ఇవ్వడానికి నీరజ వచ్చిన రోజు సుశీలమ్మ కూడా ఆఫీసులో ఉంది. ఈ మధ్య ఆవిడ తరచుగా వస్తోంది. నీరజ సంచి సర్దుకుంటుంటే మేనల్లుణ్ణి మోచేత్తో పొడిచింది.

"నువ్వు అడుగుతావా, నన్నడగమంటావా?"

దామోదర్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ లేచాడు.

"మేడమ్, మా అత్తను, మామను పిలుచుకోని మదనపల్లెకి రావాలనుకుంటాండా. మీ నాయనతో మాట్లాడేదానికి. మీకు ఇష్టమైతేనే."

నీరజ చేతిలోని కాగితాలు ఫైల్లో పెట్టింది. తర్వాత తల ఎత్తకుండానే అంది:

"వచ్చే ఏడాది మీ సర్టిఫికెట్‌కి వేరే సెక్రటరీని సూసుకోండి."

దామోదర్ చప్పున కూర్చుండిపోయాడు. "అడిగింది తప్పైతే మనసులో పెట్టుకోవద్దండి. ఈ పనికీ దానికీ సంబంధం లేదు. మీరే రావాల."

"నేనెట్లా వచ్చేది? అయినోళ్ల కంపెనీకి నేను సర్టిఫికెట్ ఇస్తే ఎవరన్నా నమ్ముతారా?"

సుశీలమ్మకు వెంటనే అర్థమైంది. దామోదర్‌కు కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక ఏం చెయ్యాలో తెలియక ఎదురుగా ఉన్న కుర్చీని సరిగ్గా జరిపాడు.

"ఆదివారం మా నాయన ఇంటికాడే ఉంటాడు," అంది నీరజ, ఫైలు తాడు ముడేస్తూ.