కారవాన్ జారిన రోజు

“రైట్... రైట్...” అని వెనకనించి ఒక ఆడగొంతు వినిపించింది.

అచ్చం రాజోలు బస్సులో కండక్టరు అన్నట్టే ఉంది. రైట్ అంటే పోనిమ్మని ఏసురాజు అర్థం చేసుకున్నాడు. పికప్‌ని రివర్సులో పోనిచ్చాడు. వెనక తగిలించిన ఇరవై అడుగుల కారవాన్ తిన్నగా వంట టెంటులోకి వెళ్ళి, గుంజని పడేసి, పొయ్యి మీదున్న బిర్యానీ గిన్నెని ఇసకలో బోర్లించి ఆగింది.

ఆ అమ్మాయి చెప్పింది కుడిపక్కకి తిప్పమని.

అల్ ఐన్ దాటాక ఎడారిలో ఒక అరబ్బు కుటుంబం చలికాలానికి వేసుకున్న క్యాంపు అది. ఏసురాజు దుబాయ్ అల్ వర్సాన్‌లో కారవాన్లు అద్దెకిచ్చే కంపెనీలో డ్రైవరు. కారవాన్ లాక్కొచ్చి, చెప్పిన చోట నిలిపి, వారం వారం నీళ్ళూ గ్యాసూ చూసుకోవడం అతని పని. ఆ అమ్మాయి పేరు షర్మిల. ఆ ఇంటి పెద్దావిడని చూసుకునే నర్సు.

“ఈ మనిషికి లైసెన్సు ఎవరిచ్చారో,” అని తెలుగులో గొణిగింది షర్మిల, అతనికి అర్థం కాదన్న ధైర్యంతో.

“మూడోసారి టెస్టుకెళ్తే ఇచ్చారండి,” అన్నాడు ఏసురాజు కిందకి దిగుతూ.

షర్మిల మొహం ఎర్రబడింది. అయినా తగ్గలేదు. కుడి అంటే కుడికి తిప్పాలి కదా అంది. కుడికి తిప్పితే వెనకున్నది ఎడమకి పోతుందని, కారవాన్‌తో వచ్చిన చిక్కే అదని అతను చెప్పాడు. అలాంటప్పుడు దిగి చూసుకోవాలి గానీ ఎవరో రైట్ అన్నారని నొక్కెయ్యడమేంటని ఆమె అడిగింది. నిజానికి దిగి చూసుకోవడమే పద్ధతి.

వంటమనిషి షాహీదాది రాయచోటి. ఆమె గిన్నె ఎత్తి పట్టుకుని, మీ కుడి ఎడమలు తరవాత తేల్చుకోండి, ముందు నాకు బియ్యం మూట తెచ్చివ్వండి అంది. ఇద్దరూ కలిసి మూట మోశారు. మోస్తూ మోస్తూ షర్మిల అతనిది ఏ ఊరని అడిగింది. రాజోలని చెప్పాడు. ఆమె ఆగిపోయింది. ఆమెది నరసాపురం. మధ్యలో గోదావరి ఒక్కటే అడ్డం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే పావుగంట.

“పావుగంట దూరంలో ఉండి ఇరవయ్యారేళ్ళు కనపడలేదు మీరు,” అన్నాడతను.

“కనపడుంటే ఎప్పుడో గుద్దేసేవారు,” అందామె.

ఆ తరవాత ప్రతి శుక్రవారం నీళ్ళ ట్యాంకు నింపడానికి ఏసురాజు వచ్చేవాడు. సోమవారం గ్యాస్ బండ మార్చడానికి వచ్చేవాడు. బుధవారం చక్రాల్లో గాలి చూడ్డానికి వచ్చేవాడు. కంపెనీ యార్డులో మెకానిక్ నూర్ మొహమ్మద్, కడప మనిషి, ఆ క్యాంపువాళ్ళు గ్యాస్ వండుకుంటున్నారా తాగుతున్నారా అని అడిగాడు. ఏసురాజు వినపడనట్టు స్పానరు వెతుక్కున్నాడు.

మొదట్లో ఆమెని సిస్టర్ అనేవాడు. నర్సుని అందరూ అలాగే అంటారు. మూడో వారానికి ఆ మాట నోటికి రావడం మానేసింది. వేరే మాట దొరకలేదు. “ఏవండీ” అంటే మరీ ముందుకెళ్ళినట్టుంటుంది. అందుకని ఆమె తనవైపు చూసేదాకా నిలబడి, చూశాక మాట్లాడేవాడు. ఆమె మాత్రం అతన్ని డ్రైవర్ గారూ అనే పిలిచేది.

షర్మిలకి కాలు ఒకచోట నిలిచేది కాదు. దుబాయ్‌లో నర్సు లైసెన్సు పరీక్ష పాసయింది. ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంటర్వ్యూ కూడా అయింది. మెయిల్ రావాలి. క్యాంపులో సిగ్నల్ లేదు. తూర్పు పక్క ఇసకదిబ్బ ఎక్కితే రెండు గీతలు వచ్చేవి. పెద్దావిడ మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు షర్మిల ఫోను పట్టుకుని ఆ దిబ్బ ఎక్కేది. ఏసురాజు నీళ్ళ పైపు ట్యాంకులో పడేసి వెనకే వెళ్ళేవాడు. పైకెళ్ళాక ఆమె ఫోనువైపు చూసేది, అతను ఆమె వైపు చూసేవాడు. ఏమీ రాలేదని తెలిశాక ఇద్దరూ దిగేవాళ్ళు. అప్పటికి ట్యాంకు నిండి పొర్లి, చక్రాల కింద బురదయ్యేది.

జనవరి రెండో వారంలో మెయిల్ వచ్చింది. ఫిబ్రవరి పదిహేనున చేరాలి. ఇప్పుడు పనిచేస్తున్న ఇంటినించి రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటర్ తేవాలి. ఆమె దిబ్బ మీద కూలబడి మెయిల్ మూడుసార్లు చదివింది. ఆసుపత్రి ఎక్కడని అతను అడిగితే చెప్పింది. అల్ వర్సాన్‌నించి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలనీ అతను వారమంతా లెక్కేసుకున్నాడు. పడుకుంటే నిద్ర లేదు, కూర్చుంటే కుదురు లేదు. వచ్చే శుక్రవారం చెప్పెయ్యాలనుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో పికప్ అద్దంలో చూసుకుని నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు. నాలుగూ బాగాలేవు.

ఆ శుక్రవారం వానొచ్చింది.

ఎడారిలో వాన వస్తే ముందు అందరూ బయటికొచ్చి చేతులు చాస్తారు. షాహీదా మసాలా డబ్బాలు వదిలేసి తడిసింది. షర్మిల కూడా కారవాన్ గుమ్మంలోంచి అరచెయ్యి బయటపెట్టింది. ఆ చేతినీ, దాని మీద పడే చినుకుల్నీ చూస్తూ ఏసురాజు పైపు చుట్టడం మర్చిపోయాడు. పావుగంటలో సంబరం అయిపోయింది. క్యాంపు ఉన్నది పల్లంలో. చీలమండల దాకా నీళ్ళొచ్చాయి. పెద్దావిడని అందరూ మామా అంటారు, ఆమె కొడుకైన ఇంటాయన్ని బాబా అంటారు. ఆయన వచ్చి, కారవాన్‌ని వెంటనే మెరక మీదకి చేర్చమన్నాడు.

లాగేటప్పుడు లోపల మనుషులు ఉండకూడదు. ఏసురాజు ఆ మాట చెప్పాడు కూడా. పెద్దావిడకి ఎనభై ఏళ్ళు, ఉబ్బసం. వానలో దిగనంది. ఆమె దిగకపోతే షర్మిల దిగదు. యాభై గజాలే కదా అని అతను సరేనన్నాడు. మొదటి తప్పు అది.

మెరక మీదకి లాగాడు. అక్కడ నేల కొంచెం వాలుగా ఉంది. ముందుగా చక్రాలకి అడ్డంగా దిమ్మలు పెట్టాలి, హ్యాండ్ బ్రేకు వెయ్యాలి, ఆ తరవాతే పికప్‌నించి కారవాన్‌ని విడదియ్యాలి. ఆరేళ్ళుగా చేస్తున్న పని. దిమ్మలు అతని కాళ్ళ దగ్గరే ఉన్నాయి. చెయ్యి మాత్రం అలవాటుగా కొక్కెం మీద ఉంది.

అప్పుడు కారవాన్ తలుపు తెరుచుకుంది.

“రాజూ,” అని పిలిచింది షర్మిల. “హీటరు ఆగిపోయింది, మామాకి చలేస్తోంది, ఒక్కసారి చూడండి.”

డ్రైవర్ గారూ అనలేదు. రాజూ అంది. అతను ఆమెవైపు తిరిగాడు. తిరుగుతూ కొక్కెం ఎత్తేశాడు.

కారవాన్ కదిలింది. మొదట మెల్లగా, తరవాత తడి ఇసక మీద జర్రున జారింది. అతను ముందున్న ఇనప కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఈడ్చుకుపోయాడు. పది బారలు పోయి, వెనకభాగం ఇసకగట్టులో దిగబడి ఆగింది.

పెద్దావిడకి ఏమీ కాలేదు. ఆమె మీద సామాను పడకుండా షర్మిల అడ్డంపడింది. ఎడమ మణికట్టు దాని కింద నలిగింది. ఏసురాజు లోపలికొచ్చేసరికి ఆ చేతిని గుండెకి ఆనించుకుని నేలమీద కూర్చునుంది. పెద్దావిడ ఆమె చున్నీ వదలడంలేదు.

బాబా పరిగెత్తుకొచ్చి, ఇదెలా జరిగిందని అడిగాడు. ఏసురాజు నోరు తెరిచాడు. అతనికన్నా ముందే షర్మిల అరబ్బీలో చెప్పేసింది. తనే తొందరపెట్టిందట. మామాకి చలేస్తోంది, త్వరగా విడదియ్యమని తనే కేకేసిందట. తప్పు తనదేనట.

ఏసురాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. బాబా ఆమెని కార్లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అతను వానలో నిలబడి చూశాడు.

యార్డులో ముదీర్, అంటే మేనేజరు, రిపోర్టు రాసుకున్నాడు. నర్సు తొందరపెట్టిందని క్యాంపువాళ్ళే ఫోనులో చెప్పారు కాబట్టి ఏసురాజుని ఎక్కువ అడగలేదు. నూర్ మొహమ్మద్ అతని భుజం తట్టి, ఇక ఖలాస్, నోరు మూసుకుని డ్యూటీ చేసుకో అన్నాడు. నిజం బయటపడితే డ్రైవరు పని పోతుందని ఇద్దరికీ తెలుసు.

అతను షర్మిలకి ఫోను చేశాడు. నాలుగోసారికి ఎత్తింది. చెయ్యి ఎలా ఉందని అడిగాడు. చిన్న చీలిక, కట్టు కట్టారంది. బాబాతో తను మాట్లాడతానన్నాడు.

“మీరేం మాట్లాడకండి,” అని పెట్టేసింది.

ఆ ఒక్క మాట పట్టుకుని పది రోజులు గింజుకున్నాడు. నిజం చెప్పి పని పోగొట్టుకోవద్దనా? లేక ఇక తనతో మాట్లాడొద్దనా? మళ్ళీ చేసి అడగడానికి ధైర్యం చాలలేదు. ఒకరోజు జాకీ కాలు పైకెత్తకుండానే కారవాన్‌ని లాగి, యార్డు సిమెంటు మీద గేటుదాకా గీత గీశాడు. ఇంకోరోజు పైకప్పు కిటికీ మూయకుండా ఫుజైరా దాకా పోతే, గాలికి అది ఎక్కడో ఎగిరిపోయింది. నూర్ మొహమ్మద్ ఒక్క మాటే అన్నాడు, ఇలాగైతే నిజం చెప్పకుండానే నీ పని పోతుందని.

పదకొండో రోజు పొద్దున షాహీదా ఫోను చేసింది. షర్మిలకి బాబా లెటర్ ఇవ్వనన్నాడట. జాగ్రత్త లేని నర్సని తెలిసీ మంచిగా రాసివ్వడం తనవల్ల కాదన్నాడట. ఆ పిల్ల ఎవరితోనూ ఏమీ అనడంలేదు, ఒంటిచేత్తో సూట్‌కేసు సర్దుకుంటోంది అని షాహీదా చెప్పింది. చివర్న ఇంకో మాట కలిపింది. “నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది తమ్ముడూ. అందుకే చెప్తున్నా.”

ఏసురాజు పికప్ తాళాలు తీసుకెళ్ళి ముదీర్ టేబుల్ మీద పెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ముదీర్ అరిచేలోపే బయటికొచ్చి అల్ ఐన్ బస్సెక్కాడు. దారంతా సీటు అంచునే కూర్చున్నాడు.

అల్ ఐన్‌లో వాళ్ళింట్లో బాబా, పెద్దావిడ ముందుగది మజ్లిస్‌లో కూర్చుని ఖహ్వా కాఫీ తాగుతున్నారు. షర్మిల గోడ పక్కన నిలబడుంది. అతన్ని చూడగానే వద్దన్నట్టు తలూపింది. అతను చూడనట్టు బాబా ఎదురుగా నిలబడి, హిందీ, అరబ్బీ కలిపి చెప్పాడు. లోపల మనుషులుండగా లాగింది తను. దిమ్మలు పెట్టకుండా, బ్రేకు వెయ్యకుండా విడదీసింది తను. ఈమె పిలిచింది నిజమే, కానీ హీటరు చూడమంది, విడదియ్యమనలేదు.

ఆరేళ్ళుగా చేస్తున్న పని ఆరోజే ఎందుకు మర్చిపోయావని బాబా అడిగాడు.

ఏసురాజుకి అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

“ఈమె అంతకుముందు ఎప్పుడూ నన్ను పేరుపెట్టి పిలవలేదు,” అన్నాడు. “ఆ పిలుపు వింటే చేతులు ఏం చేస్తున్నాయో తెలీలేదు.”

షర్మిల కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటోంది. పెద్దావిడకి సరిగా అర్థం కాలేదు, ఏమన్నాడని కొడుకుని అడిగింది. బాబా అరబ్బీలో చెప్పాడు. ఆమె ఏసురాజుని కిందనించి పైదాకా చూసి, బొంగురుగా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది. షర్మిల పరిగెత్తి ఇన్‌హేలరు అందించింది.

బాబా మాత్రం నవ్వలేదు. తన తల్లి ఆ కారవాన్‌లో ఉందని గుర్తుచేశాడు. ఇంకెప్పుడూ తమ క్యాంపుకి రావద్దన్నాడు. ఏసురాజు తల వంచాడు. ఆ తరవాత బాబా షర్మిలవైపు తిరిగి, తనతో అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాడు. ఆమె ఏసురాజువైపు చూసింది. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, లెటర్ సాయంత్రానికల్లా ఇస్తానన్నాడు.

ముదీర్ అతన్ని పంపెయ్యలేదు, కానీ తాళాలు వెనక్కివ్వలేదు. ఆరునెలలు కారవాన్లు కడగమన్నాడు. షర్మిల దగ్గరనించి ఫోను లేదు. ఫిబ్రవరి పదిహేను వచ్చింది, పోయింది. ఇరవై నిమిషాల దూరంలో ఆమె ఉందని తెలిసి, బండి చప్పుడైనప్పుడల్లా అతను గేటువైపు చూసేవాడు.

మార్చి మొదటి ఆదివారం గేటు దగ్గర టాక్సీ ఆగింది. షర్మిల దిగింది. చేతికి కట్టు లేదు. అతను మోచేతులదాకా సబ్బు నురగతో నిలబడ్డాడు.

“మాట్లాడకండి అంటే వినరా మీరు?” అందామె.

“ఏ అర్థంలో అన్నారో తెలియలేదండి.”

“మీ పని పోకూడదనే అర్థంలో. లెటర్ నాకు ఇంకోచోటైనా దొరికేది. మీకు స్టీరింగు తప్ప ఇంకేం వచ్చు?”

“మరి తరవాత ఫోనెందుకు చెయ్యలేదు?”

ఇంటిల్లిపాది ముందు ఆ మాటన్న మనిషి మళ్ళీ తనతో ఏమైనా అంటాడేమోనని చూసిందట. నెలరోజులు చూసిందట. తనకి చెప్పాల్సింది బాబాకి చెప్పి ఊరుకుంటే ఎలా అని అడిగింది. బ్యాగులోంచి ఒక కాగితం తీసింది.

ఆసుపత్రిలో కొత్తగా చేరినవాళ్ళు ఇవ్వాల్సిన ఫారం. అన్నీ నింపింది. అత్యవసరమైతే ఈ దేశంలో ఎవరికి ఫోను చెయ్యాలి అన్నచోట అతని పేరూ నంబరూ రాసుంది. దాని పక్కన, ఆ మనిషి మీకేమవుతారు అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.

“రేపటికల్లా ఇచ్చెయ్యాలి,” అంది. “ఏం రాయమంటారు?”

ఏసురాజు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. ఫ్రెండ్ అని రాయొచ్చన్నాడు. ఆమె కాగితం మడవబోయింది.

“ఆగండి,” అన్నాడతను. “చేసుకోబోయేవాడని రాయండి. నాకు డిసెంబరునించీ ఇదే మాట, షర్మిలా. చెప్పడం రాక ఊరుకున్నాను.”

ఆమె ఫారాన్ని తడి కారవాన్ మీద కాకుండా, అతని వీపు తిప్పించి దాని మీద పెట్టి రాయడం మొదలుపెట్టింది. అతను కదలకుండా నిలబడ్డాడు. పెన్ను కదలడం వీపుకి తెలుస్తోంది.

“అమ్మకి నిన్ననే చెప్పాను,” అంది రాస్తూనే. “మీవాళ్ళని వచ్చే ఆదివారం పంటు దాటి రమ్మంది.”