కాగితం అడుగున పేరు

మెట్ల మీద బూట్ల చప్పుడు... పైకే వస్తోంది!

ఆమె రికార్డు రూమ్‌లోకి దూరి గడియ పెడుతుంది. భుజాన భర్త పనిముట్ల సంచీ. దాన్ని తీసుకెళ్లే వంకతోనే ఈ లిఫ్టుల కంపెనీలోకి రాగలిగింది. ఫోన్ గేటు దగ్గరే తీసేసుకున్నారు.

లంచ్ టైమ్. గది ఖాళీ. కంప్యూటర్ తెరిచే ఉంది.

మెకానిక్ నిర్లక్ష్యం వల్లే లిఫ్టు కూలిందని కంపెనీ చేతులు దులుపుకుంది. కూలిన లిఫ్టులో పోయిన ఆ మెకానిక్ ఆమె భర్త. తాడు పోగులు తెగుతున్నాయని ముందే రాసిచ్చానని ఆయన ఆమెతో చెప్పాడు. ఆ రాత ప్రింట్ తెస్తేనే కేసు తిరగదోడతానన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఫిర్యాదుల ఎక్సెల్ ఫైల్. మూడో షీట్. ఉంది... ఆయన రాసింది ఉంది!

‘తాడు మార్చాలి. అర్జెంట్.’ పక్క గడిలో, ‘మార్చాం.’

పచ్చి అబద్ధం.

ప్రింట్ నొక్కుతుంది. ‘ఈ షీట్ ప్రింట్‌కు అనుమతి లేదు.’

మళ్లీ నొక్కుతుంది. అదే మాట.

ఈ ఫైల్ తయారుచేసింది ఆమె అన్నయ్యే, ఇక్కడి సిస్టమ్స్ ఇన్‌చార్జ్. ఒకసారి భోజనాల దగ్గర ఆమె భర్తతో గొప్పలు పోయాడు. "మొదటి షీట్ తప్ప ఏదీ ప్రింటవదు బావా. ఆ కాపలా అంతా ఫైల్ లోపల నేను పెట్టిన మాక్రోదే, అదో చిన్న ప్రోగ్రామ్. మాక్రోలు వద్దని ఫైల్ తెరిచావో, కాపలావాడు నిద్రపోయినట్టే."

ఫైల్ మూసి మళ్లీ తెరుస్తుంది. మాక్రోలు? వద్దు. ప్రింట్.

ప్రింటర్ మూలుగుతుంది... కాగితం బయటికొస్తుంది.

తలుపు మీద గార్డు దబదబా బాదుతున్నాడు. "ఎవరది లోపల? తలుపు తియ్యి."

వెనకే ఇంకో గొంతు. "నా చెల్లెలే. నువ్వెళ్లు, నేను చూసుకుంటా."

అన్నయ్య! ఆమెకు ప్రాణం లేచొస్తుంది. గడియ తీస్తుంది.

అన్నయ్య ఆమెను చూడడు. ఆమె చేతిలో కాగితాన్నే చూస్తున్నాడు.

"అది ఇటివ్వవే."

ఆమె కిందికి చూస్తుంది. కాగితం అడుగున చిన్న అక్షరాలు. స్క్రీన్ మీద ఎక్కడా కనపడనివి.

‘ఈ షీట్‌ను చివరిగా దిద్దింది: సిస్టమ్స్ ఇన్‌చార్జ్.’

ఆమె కాగితాన్ని వెనక్కి లాక్కుంటుంది.

"మార్చేసినట్టు రాయమన్నాడు మేనేజర్. బావే ఆ లిఫ్టెక్కుతాడని నాకు తెలీదే..."

"ఆయన పోయిన రోజు నన్ను పట్టుకుని ఏడ్చావు కదా, అన్నయ్యా."

ఆమె మళ్లీ ప్రింట్ నొక్కుతుంది.

"ఇంకోటెందుకే?"

"ఒకటి ఇన్‌స్పెక్టర్‌కి. ఇంకోటి అమ్మకి."

ప్రింటర్ మీద ఎర్రలైటు. ట్రేలో కాగితాలు అయిపోయాయి.

అన్నయ్య కొత్త కట్ట విప్పుతాడు. ట్రే నింపుతాడు.