బిందు ముక్కుపుడక

పొద్దెక్కేసరికి గిలకలదిండి రేవులోకి బోట్లన్నీ వచ్చేశాయి. అబ్బులు ఎక్కిన బోటు ఒక్కటే రాలేదు. నిన్న సాయంత్రం లేచిన గాలికి ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతుంటే చూశామని ఎవరో అన్నారు. ఆ తర్వాత ఫోను అందలేదు. అతని భార్య బిందు రేవు గట్టు మీదే కూలబడిపోయింది. పక్కన నిలబడ్డ అత్తగారు తిరుపతమ్మ కళ్ళలో ఒక్క చుక్క నీరు లేదు. కోడలి ముఖంలోకి అదోలా చూసి, నలుగురూ వింటుండగానే అంది.

"చెప్పానా లేదా... బోడిముక్కు మొగుడికి మంచిది కాదని. జీతం కోసం పుడక తీసి పారేశావు. ఇప్పుడు ఆ జీతమే నా కొడుకుని తెచ్చిస్తుందేమో అడుగు."

బిందు గుండెలో ఆ మాట మేకులా దిగబడింది. రొయ్యల ప్లాంటులో చేరిన రోజునే పెళ్లినాటి ముక్కుపుడక తీసేసింది నిజమే. తలుపు పక్కనే బోర్డు రాసి ఉంటుంది... గాజులు, చెవిపోగులు, ముక్కుపుడకలతో లోపలికి రాకూడదని. ప్యాకింగులో చిన్న రవ్వ పడినా సరుకంతా వెనక్కి వస్తుందట. ఏళ్ల తరబడి పుడక లేక ఆ రంధ్రం పూడుకుపోయింది. దాని గురించి తను మర్చిపోయింది కూడా. దేవుడు మర్చిపోలేదేమో! సముద్రం వైపు చేతులు జోడించి, హంసలదీవి వేణుగోపాలస్వామిని తలుచుకుని మనసులోనే మొక్కుకుంది. 'నా మనిషిని నాకు ఇయ్యి స్వామీ. మళ్ళీ ముక్కు కుట్టించుకుంటాను. ఒంట్లో ప్రాణం ఉండగా పుడక తీయను.'

మర్నాడు మధ్యాహ్నం వేరే ఊరి బోటు వాళ్ళు తాడు కట్టి ఆ బోటును లాక్కొచ్చారు. అబ్బులు భుజం ఎముక విరిగింది గానీ ప్రాణంతో ఉన్నాడు.

ఇక మొక్కు తీర్చక తప్పదు. బందరు బజార్లో కంసాలి దగ్గర కుట్టించుకుని, దాచిపెట్టిన ఆ చిన్న బంగారు పుడకనే మళ్ళీ పెట్టించుకుంది. తిరుపతమ్మ చూసి తృప్తిగా తలూపింది. మంచం మీది నుంచి అబ్బులు మాత్రం ఆరా తీశాడు.

"ప్లాంటులో ఊరుకుంటారా బిందూ?"

"మాస్కు ఉంటుందిగా మావా. ఎవరు చూస్తారు?" అంది నవ్వుతూ. ఆ నవ్వు వెనక వణుకు అతనికి కనబడలేదు. అతని భుజం అతుక్కునేదాకా ఇల్లు గడవాల్సింది ఆమె జీతం మీదే. ఆ జీతం పోతే... ఆ ఆలోచన దగ్గరే ఆగిపోయేది.

ఆ రోజు నుంచి బిందుకు తిండి సహించలేదు. గేటు దగ్గర తనిఖీకి ముందే మాస్కు కళ్ళ కిందిదాకా లాక్కునేది. అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చునేది. ఎవరు పేరుపెట్టి పిలిచినా అయిపోయిందనుకునేది. పైగా మాస్కు రాపిడికి పుండు పచ్చిగానే ఉండిపోయి ముక్కు వాచింది. వాపు మీద లోపలి మర పూర్తిగా బిగిస్తే ప్రాణం పోయేంత నొప్పి. అందుకని సగమే బిగించి వదిలేసింది. రాత్రుళ్ళు పక్కలో పడుకుని, చీకట్లో చేత్తో తడిమి చూసుకునేది. ఉంటే ప్లాంటు భయం, తీస్తే దేవుడి భయం. మొగుడు ఊపిరి తీసుకుంటున్నాడో లేదో వింటూ అలాగే పడుకునేది.

ఒక శుక్రవారం ప్యాకింగు లైను మీద పని జోరుగా సాగుతోంది. ఆ సాయంత్రమే కంటైనరు బయల్దేరాలి. తుమ్ము వస్తే పక్కకు తిరిగి, మోచేతి మీద ముఖం అదిమి తుమ్మింది బిందు. మాస్కు కాస్త జారింది. సర్దుకున్నాక ఎందుకో అనుమానం వేసింది. ముక్కు దగ్గర నొప్పి తేలిగ్గా అనిపించింది. మాస్కు మీద నుంచే వేలితో తడిమింది.

పుడక లేదు.

గౌను మీద చూసుకుంది. గమ్ బూట్ల చుట్టూ తడి నేల మీద చూసింది. ఎక్కడా లేదు. ఎదురుగా లైను మీద ట్రేలు కదిలిపోతున్నాయి, ఒకదాని వెనక ఒకటి, తెల్లటి రొయ్యలతో నిండి. చివర్న మెటల్ డిటెక్టర్ ఉంది నిజమే, కానీ అంత చిన్న బంగారపు ముక్కను అది పట్టుకుంటుందో లేదో ఎవరు చెప్పగలరు? ఎవరూ చూడలేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు కూడా... సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోవచ్చు. మళ్ళీ సోమవారం రావచ్చు. కానీ ఏ దేశంలోనో, ఏ తల్లో తన బిడ్డకు ఆ రొయ్యలు వండిపెడుతుంది. ఆ పుడక కాడ సూదిలా ఉంటుంది. ఆ బిడ్డ గొంతులో... తన భర్త కోసం పెట్టుకున్న పుడక ఇంకెవరి ఇంటికో చావు మోసుకుపోతోందా?

ఆమె కాళ్ళు వాటంతట అవే క్వాలిటీ చూసే షీబా దగ్గరికి నడిచాయి. మాస్కు కిందికి లాగింది. ఎర్రగా వాచిన ముక్కు చూసి షీబా నిర్ఘాంతపోయింది.

"లైను ఆపించమ్మా. నా పుడక పడిపోయింది. ట్రేల్లోనే పడిందేమో."

"ఎంత పని చేశావు బిందక్కా..." అని, ఇక ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా షీబా చెయ్యెత్తి లైను ఆపించింది.

ట్రేలన్నీ బల్లల మీద కుమ్మరించారు. ఆడవాళ్ళంతా ఒక్కో రొయ్యనూ చేత్తో వేరు చేస్తూ వెతికారు. ఎవరూ బిందు వైపు చూడలేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి చూస్తూనే ఉంది. డిటెక్టర్ దాటి బయటకు వచ్చేసిన ట్రేలో, మంచు ముక్కల మధ్య అది దొరికింది. షీబా చేతి గ్లవ్వు మీద మినుకుమంటూ... చూడగానే బిందు ఏడ్చేసింది. మేనేజరు వచ్చి గేటు పాసు తీసుకున్నాడు. ఇక రానక్కర్లేదన్నాడు. పుడకను చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి షీబా ఆమె చేతిలో పెట్టింది.

ఇంటికి రాగానే బిందు అద్దం ముందు నిలబడి కవరు చింపి, పుడకను మళ్ళీ ఆ పచ్చిపుండులోకి తోయడం మొదలుపెట్టింది. రక్తం పెదవి మీదికి కారింది. అయినా ఆపలేదు.

"ఏంటే అది! ఏమైంది?" అబ్బులు మంచం మీది నుంచి లేవబోయి భుజం పట్టుకుని మూలిగాడు.

"ఊడి పడిపోయింది మావా... ఇంతసేపూ ముక్కున లేదు. నీకేమన్నా అయితే..." అంటూనే జరిగిందంతా చెప్పింది.

"ఉద్యోగం పోయిందా? దాని కోసమా ఇదంతా? నిన్నెవరు కుట్టించుకోమన్నారు?"

బిందు అత్తగారి పేరు నోట రానివ్వలేదు. ఇంకాస్త గట్టిగా లోపలికి నొక్కింది. అప్పుడు వెనక నుంచి తిరుపతమ్మ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"నేనేరా అన్నది. రేవులో అందరిముందూ అన్నాను. అది నీకు చెప్పలేదు చూడు, అదీ దీని మంచితనం." కోడలి వేళ్ళ మధ్య నుంచి పుడక లాక్కుని, కొంగుతో రక్తం తుడిచింది. "దివిసీమ ఉప్పెన వచ్చిననాడు మేం పాలకాయతిప్పలో ఉన్నాం. వీడు కడుపులో ఉన్నాడు. నా ముక్కున పుడక ఉంది బిందూ, ఇంతకన్నా పెద్దది, ఎర్రరాయిది. మీ మావయ్య చెయ్యి నా చేతిలోనే ఉంది. నీళ్ళు లాక్కెళ్ళిపోయాయి. పుడక ఆపిందా?"

బిందు నివ్వెరపోయి చూసింది. ఇన్నేళ్ళలో అత్తగారు ఆ రోజు గురించి నోరు తెరవగా ఇంట్లో ఎవరూ వినలేదు.

"శవం కూడా దొరకలేదు. మా అత్త నన్ను చూసి ఏమందో తెలుసా? నా జాతకం మింగేసిందంది. పుడక పీకి అవతల పారేయించింది. బతికినంత కాలం ఆ మాట నన్ను కాల్చింది. మళ్ళీ అదే మాట నా నోటినుంచి నీ మీదికి వచ్చింది... నా కొడుకు కూడా అలాగే పోతాడని భయమే. ఆ భయం ఎవరిమీద వెయ్యాలో తెలియలేదు. ఎదురుగా నువ్వున్నావు."

"కానీ నేను మొక్కుకున్నాను అత్తా. ప్రాణం ఉండగా తీయనని..."

"నా మాటకి భయపడి మొక్కావు. ఆ మాట నాది. పాపం ఏదన్నా ఉంటే నాకే రానీ. రేపు హంసలదీవి వెళ్ళి ఆ స్వామికి నేనే చెప్పుకుంటాను."

అబ్బులు మంచం పట్టె మీద చెయ్యి చాపి భార్య చెయ్యి పట్టుకున్నాడంతే.

ఉప్పెన తర్వాత ఆ తీరం ముఖం చూడని తిరుపతమ్మ, మర్నాడు కోడలితో దివిసీమ బస్సెక్కింది. గుడి హుండీలో పుడక వేసింది. దర్శనం అయ్యాక తనే పాలకాయతిప్ప వైపు నడిచింది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఇసుకలో చాలాసేపు నిలబడింది. ఏం చూసిందో, ఎవరిని తలుచుకుందో బిందు అడగలేదు. వచ్చేటప్పుడు మాత్రం అత్తగారు తన భుజం మీద బరువంతా వేసి నడిచింది.

పుండు మానుతుండగా షీబా ఫోను చేసింది. బిందు తనంతట తనే వచ్చి చెప్పబట్టే సరుకు దక్కిందని మేనేజరుతో పోరాడిందట. మళ్ళీ పనిస్తారట, కానీ లైను మీద కాదు, ట్రేలు కడిగే చోట, జీతం తక్కువ. ఇంకొక్కసారి నగ కనబడితే మాత్రం ఇక అంతే. బిందు ఒప్పుకుంది.

అబ్బులు భుజం అతుక్కుని మళ్ళీ వేటకు బయల్దేరిన తెల్లవారుజామున, ప్లాంటు బస్సు కోసం ఇద్దరాడవాళ్ళూ రోడ్డు మీద నిలబడ్డారు. రేవులో బోటు ఇంజను మోత వినబడుతోంది. బిందు గుండె ఆ మోతకు తగ్గట్టే కొట్టుకుంటోంది. ముక్కు బోసిగా ఉంది. భయం ఎక్కడికీ పోలేదు... పోతుందని ఆశ కూడా లేదు. బస్సు వచ్చి ఆగినా ఆమె కాలు కదపలేదు.

"అత్తా, రేవుకి వెళ్ళి నిలబడనా?"

తిరుపతమ్మ అన్నం క్యారేజీ ఆమె చేతికిచ్చి మెల్లగా మెట్టు వైపు నెట్టింది.

"నేను నిలబడతానే. నువ్వెళ్ళు. వాడు ఆకలితో వస్తాడు, చింతపండు అయిపోయింది. వచ్చేటప్పుడు పట్టుకురా."